బొగ్గు తారు మీద పీహెచ్‌డీ చేయవచ్చా? బొగ్గు రంగం ముగిసిపోతోందంటున్నారు కదా?

మీ ప్రశ్న ఇది: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అయింది, బొగ్గు తారు నుంచి, రిఫైనరీ అడుగు నూనెల నుంచి కార్బన్ పదార్థాలు తయారుచేసే అంశం మీద పీహెచ్‌డీ సీటు వచ్చింది, ఇంట్లోవాళ్లేమో "ఇంకా బొగ్గేంటి, హాయిగా ఫార్మాకి వెళ్లు" అంటున్నారు. చేరాలా వద్దా?

నా పీహెచ్‌డీ కోల్ టార్ పిచ్ మీదే, అంటే బొగ్గు తారును డిస్టిలేషన్ చేస్తే అడుగున మిగిలే నల్లటి ముద్ద మీద. ఆ తర్వాత విశాఖలో ఒక కార్బన్ ప్లాంటు ల్యాబులో చేరాను, ఇప్పటికీ పని పిచ్‌తోనే, కోక్‌తోనే. నా మాట అడిగితే చేరమనే చెబుతాను. అయితే చేరేముందు ఆ ల్యాబు గురించి కొన్ని సంగతులు కనుక్కోవాలి. అవి చివర్లో చెబుతాను.

ముందు మీ ఇంట్లోవాళ్ల అనుమానం సంగతి. బొగ్గును తగలబెట్టి కరెంటు తీయడం రానురాను తగ్గాల్సిందే, తగ్గాలనే నేనూ కోరుకుంటాను. మీకొచ్చిన సబ్జెక్టుకీ ఆ కాల్చడానికీ సంబంధం చాలా తక్కువ. స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్‌లో బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి పదహారు, పద్దెనిమిది గంటలు ఉంచుతారు. టన్ను బొగ్గుకి ముప్పావు టన్ను దాకా కోక్, అంటే గట్టి కార్బన్, మిగులుతుంది. గ్యాసుతో పాటు బయటికి వచ్చే ఆవిర్లను చల్లార్చితే ముప్పై, నలభై కిలోల నల్లటి చిక్కటి తారు దిగుతుంది. మన పరిశోధన అంతా ఆ ముప్పై నలభై కిలోల మీదే. (రోడ్లకి వేసేది ఇది కాదు, అది ముడిచమురు నుంచి వచ్చే బిట్యుమెన్. బొగ్గు తారులో బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న అణువులే దాదాపు అన్నీ. అందుకే దాని నుంచి గ్రాఫైట్ పుడుతుంది.)

ఈ తారును డిస్టిలేషన్ చేస్తే సుమారు పదోవంతు నాఫ్తలీన్ వస్తుంది, క్రియోసోట్ నూనెలు వస్తాయి, ఆంత్రసీన్ నూనె వస్తుంది, సగానికి పైగా పిచ్‌గా అడుగున మిగిలిపోతుంది. నాఫ్తలీన్ అంటే మనకి బీరువాలో ఉండలే గుర్తొస్తాయి కానీ, దాని చరిత్ర మన రాయలసీమ దాకా వచ్చింది. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ లండన్‌లో క్వినైన్ చేయబోయి, తారు నుంచి వచ్చిన అనిలీన్‌తో ఊదారంగు చేశాడన్న కథ మీరు చదివే ఉంటారు. మనవాళ్ల బతుకుల్ని అంతకంటే గట్టిగా తాకింది 1897. ఆ ఏడాది జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ నాఫ్తలీన్ నుంచి మొదలుపెట్టి తయారుచేసిన నీలిమందును అమ్మకానికి పెట్టింది. కడప, కర్నూలు వైపు నీలిమందు చెట్టు వేసి తొట్లలో నానబెట్టి రంగు తీసే రైతుల వ్యాపారం ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే కుప్పకూలింది. ఎక్కడో కోక్ ఓవెన్ పక్కన పారబోసే చెత్త మీద ఎవరో చేసిన పరిశోధన ఇక్కడి చేలలో పంటను మార్చేసింది. ఈ రంగాన్ని ముగిసిపోయిన పాత కెమిస్ట్రీ అని ఎవరైనా తీసిపారేస్తే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అయిదేళ్లూ దేని చుట్టూ తిరుగుతాయో ఇక్కడే ఉంది.

పిచ్‌ను నైట్రోజన్‌లో నాలుగు వందల డిగ్రీలు దాటించి ఉంచితే, ఆ నల్లటి ద్రవంలో చిన్న చిన్న గోళాలు పుడతాయి. దీన్ని మెసోఫేజ్ అంటారు. ఆస్ట్రేలియాలో బ్రూక్స్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో దీన్ని వివరంగా ప్రచురించారు. అగ్నిశిల చొచ్చుకొచ్చి వేడెక్కించిన బొగ్గు పొరలో టేలర్ ఆ గోళాలను అంతకుముందే గమనించాడు. గోళం లోపల చదునైన పెద్ద అణువులు ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చుకుని ఉంటాయి. వేడి కొనసాగితే చారు మీద నూనె చుక్కలు కలిసిపోయినట్టు గోళాలు కలిసి పెద్దవవుతాయి, చివరికి మొత్తం గట్టిపడి కోక్ అవుతుంది. అవి ఎంత తీరిగ్గా, ఎంత పెద్దగా కలిశాయన్నదే ఆ కోక్ మంచి గ్రాఫైట్ అవుతుందా లేదా అన్నది తేలుస్తుంది. గ్రాఫైట్‌గా మారే కార్బన్లు కొన్ని, మూడు వేల డిగ్రీలకి వేడిచేసినా మారనివి కొన్ని అని ఎక్స్‌రేలతో తేల్చి 1951లో ప్రచురించింది రోజలిండ్ ఫ్రాంక్లిన్. డీఎన్‌ఏ పుస్తకాల్లో మనం చదివే ఆవిడే. యుద్ధకాలంలో ఆవిడ ఉద్యోగం బ్రిటన్‌లో బొగ్గు పరిశోధన సంస్థలో, బొగ్గులోని సూక్ష్మ రంధ్రాల మీద. మన సబ్జెక్టులో ఆవిడ 1951 పేపరు ఇప్పటికీ మొదటి రోజు చదవాల్సినదే.

రెజిన్‌లో పోసి నున్నగా పాలిష్ చేసిన ముక్కను పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు కింద పెట్టి స్టేజీ తిప్పితే, బూడిద రంగు పిచ్ మధ్యలో ఆ గోళాలు పసుపు, నీలం, ఊదా రంగుల్లోకి మారుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు భోజనం సంగతే గుర్తురాలేదు. ఇవాళ్టికీ కొత్త శాంపిల్ వస్తే నేను ముందు వెళ్లేది మైక్రోస్కోపు దగ్గరికే, టీజీఏ (వేడిచేస్తూ బరువు ఎంత తగ్గిందో కొలిచే యంత్రం) దగ్గరికి కాదు.

ఇక క్యూఐ. క్వినోలిన్‌లో కరగని భాగం అన్నమాట. వేడి క్వినోలిన్‌లో పిచ్‌ను కరిగించి వడకడితే మిగిలే పొడి. కోక్ ఓవెన్‌లోనే పుట్టి తారులో కలిసిన సన్నటి మసి కణాలు దీంట్లో ముఖ్యమైనవి. కరెంటుతో అల్యూమినియం తీసే స్మెల్టర్లకి కావాల్సిన కార్బన్ దిమ్మలను, అంటే ఆనోడ్లను, అతికించే బైండర్ పిచ్‌లో ఇది కొంత ఉండాలి, ఏడు నుంచి పదమూడు శాతం దాకా అడుగుతారు. ఆనోడ్‌కి బలం వస్తుంది, కోక్ దిగుబడి పెరుగుతుంది. అదే పిచ్ నుంచి నీడిల్ కోక్ (సూదుల్లాంటి నిర్మాణంతో, బాగా గ్రాఫైట్‌గా మారే కోక్) చేయాలంటే మాత్రం క్యూఐ దాదాపు సున్నాకి తేవాలి. ఆ కణాలు మెసోఫేజ్ గోళాల చుట్టూ అంటుకుని వాటిని కలవనివ్వవు. ఒక చోట కావాలని అడిగేది ఇంకో చోట విషం. ఈ ఒక్క సంగతి లోతుగా అర్థమైతే సగం సబ్జెక్టు చేతికి వచ్చినట్టే. నేను చూసిన పేపర్లలో ముడిసరుకు పిచ్‌లో క్యూఐ ఎంతో చెప్పకుండా "మెరుగైన గ్రాఫైట్ వచ్చింది" అని రాసేవి చాలా ఉన్నాయి. వాటిని నమ్మకండి.

చమురు వైపు కూడా ఇదే కథ. రిఫైనరీలో బరువైన నూనెను కెటలిస్టుతో విరగగొట్టే ఎఫ్‌సీసీ యూనిట్ అడుగున మిగిలే డీకాంట్ ఆయిల్ నుంచి మంచి నీడిల్ కోక్ వస్తుంది, కాకపోతే అందులో కొట్టుకొచ్చే కెటలిస్టు పొడిని ముందు తీసేయాలి. ఆనోడ్లలో ఎక్కువ భాగం పెట్రోలియం కోకే, బైండర్ మాత్రం బొగ్గు పిచ్, సుమారు పదిహేను శాతం. టన్ను అల్యూమినియం తీయడానికి నాలుగు వందల కిలోలకి పైగా ఈ కార్బన్ ఖర్చవుతుంది. ముడిచమురు బరువెక్కుతున్నకొద్దీ కోక్‌లో గంధకం, వెనేడియం పెరుగుతున్నాయి, వెనేడియం ఆనోడ్‌ను గాలిలో తొందరగా కాల్చేస్తుంది. దానికి మందు కనిపెట్టడం కూడా పరిశోధనే.

ఇప్పుడు "భవిష్యత్తు ఉందా" అన్న ప్రశ్నకి నా జవాబు. ప్రపంచం ఉక్కును బొగ్గు లేకుండా చేయాలని చూస్తోంది. అంటే కోక్‌తో నడిచే బ్లాస్ట్ ఫర్నేసులు తగ్గి, కరెంటుతో కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులు పెరుగుతాయి. ఆర్క్ ఫర్నేసుకి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు కావాలి. ఎలక్ట్రోడ్‌కి నీడిల్ కోక్ కావాలి, దాన్ని అతికించడానికి, రంధ్రాలు నింపడానికి కోల్ టార్ పిచ్ కావాలి. ఆ పిచ్ ఇచ్చేదేమో బ్లాస్ట్ ఫర్నేసు కోసం నడిచే కోక్ ఓవెన్. అది మూతపడితే తారు ఎక్కడిది? దీని మీద లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చి కూర్చున్నాయి. బ్యాటరీలో లిథియం కంటే గ్రాఫైట్ బరువే చాలా ఎక్కువ, కృత్రిమ గ్రాఫైట్‌కి ముడిసరుకు మళ్లీ ఈ కోక్‌లే, పైపూతకి మళ్లీ పిచ్. అవసరం పెరుగుతుంటే మూలం తగ్గుతోంది. పెట్రోలియం పిచ్‌ను బొగ్గు పిచ్ స్థానంలో నిలబెట్టగలమా, రెండూ కలిపితే ఎంత దాకా పనిచేస్తుంది, చెట్ల నుంచి వచ్చే తారుతో కుదురుతుందా, ఇవన్నీ ఇంకా తేలని ప్రశ్నలు. మీరు ఇప్పుడు మొదలుపెడితే సరిగ్గా వీటి మధ్యలోకి వెళతారు.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా. జీడిమెట్ల వైపు ఫార్మా కంపెనీలున్నట్టు వీధికొకటి ఉండవు, నిజమే. కానీ తారు, కార్బన్ కంపెనీల్లో పశ్చిమ బెంగాల్‌లో హిమాద్రి, బళ్లారి దగ్గర తోరణగల్లులో ఎప్సిలాన్, భోపాల్ పక్కన మండీదీప్‌లో ఎలక్ట్రోడ్ల ఫ్యాక్టరీ, మన విశాఖలో స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లు, రిఫైనరీ, పెట్రోలియం కోక్‌ను బాగా వేడిచేసి సిద్ధం చేసే కాల్సినేషన్ ప్లాంటు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న రెయిన్ ఇండస్ట్రీస్ 2013లో జర్మనీ తారు కంపెనీ రుట్గర్స్‌నే కొనేసింది. పరిశోధన వైపైతే ధన్‌బాద్‌లో గనులు, ఇంధనాల పరిశోధన సంస్థ సీఐఎంఎఫ్‌ఆర్, డెహ్రాడూన్‌లో పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ ఉన్నాయి. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కూడా ఒకప్పుడు సింగరేణి బొగ్గు మీద కార్బనైజేషన్, గ్యాసిఫికేషన్ పనులు పెద్ద ఎత్తున చేసింది. సింగరేణి బొగ్గు వేడికి మెత్తబడి అతుక్కోదు కాబట్టి కోక్‌కి పనికిరాదు, బూడిద కూడా ఎక్కువ. విశాఖ స్టీల్‌కి కోకింగ్ బొగ్గు ఓడల్లో రావడానికి కారణం అదే. గోదావరి లోయ బొగ్గును రసాయనాల వైపు తిప్పాలని రామగుండంలో బొగ్గు గ్యాసుతో ఎరువుల ఫ్యాక్టరీ కూడా నడిపారు. 1999లో అది మూతపడింది, ఇప్పుడు అక్కడ నడుస్తున్నది సహజవాయువుతో. ఆ కథ మీద ఎవరైనా తెలుగులో లోతుగా రాస్తే బాగుండును.

ఇంట్లోవాళ్లు అడగని సంగతి ఒకటుంది, నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే: ఆరోగ్యం. తారు క్యాన్సర్ కలిగిస్తుంది, ఇందులో అనుమానమే లేదు. 1775లోనే లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ పొగగొట్టాలు ఊడ్చే వాళ్లలో మసి వల్ల వచ్చే క్యాన్సర్ గురించి రాశాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకి తారు పదేపదే పూసి క్యాన్సర్ తెప్పించి చూపారు. 1933లో తారులోంచి క్యాన్సర్ కలిగించే బెంజోపైరీన్ అనే పదార్థాన్ని విడదీశారు. పిచ్ పొడి ఒంటి మీద పడి ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు మండుతుంది, మన ఎండలకి మరీను. మధ్యాహ్నం పిచ్ దంచి, అలాగే క్యాంటీన్‌కి నడిచివెళ్లి మెడ, చేతులు ఎర్రగా పొంగిన కుర్రాళ్లను నేను చూశాను. నేను పీహెచ్‌డీ చేసిన చోట ఒక ఫ్యూమ్ హుడ్ నెలల తరబడి సరిగ్గా లాగలేదు, అడిగితే "ఇంతకాలం ఇలాగే చేశాం" అన్నారు. ఆ జవాబు మీరు ఒప్పుకోకండి.

అందుకని చేరేముందు ఒకసారి ఆ ల్యాబుకి స్వయంగా వెళ్లండి. హుడ్ దగ్గర టిష్యూ పేపర్ పట్టుకుని చూడండి, లోపలికి లాగుతోందా అని. పిచ్ దంచేది మూసిన గ్రైండర్‌లోనా, బల్ల మీద రోట్లోనా చూడండి. చేతికి నైట్రైల్ గ్లవ్స్ ఇస్తారా, ల్యాబ్ కోట్లు అక్కడే ఉతికిస్తారా, ఏడాదికోసారి వైద్య పరీక్షలు ఉన్నాయా అడగండి. అక్కడి సీనియర్లు తారు మరకలు టొల్యూన్‌తో కడుక్కుంటుంటే వాళ్లకి ఎవరూ చెప్పలేదని అర్థం. సాల్వెంటుతో కడిగితే విషం చర్మంలోకి ఇంకా తేలిగ్గా వెళుతుంది, వంటనూనె రాసి తుడిచి సబ్బుతో కడగాలి.

గైడ్ గారిని అడగాల్సినవి రెండు. తారు శాంపిల్ ఏ ప్లాంటు నుంచి వస్తుంది, అయిదేళ్లూ ఒకే చోటి నుంచి అందుతుందా? బొగ్గు మిశ్రమం మారితే తారు మారిపోతుంది, మీ మొదటి ఏడాది ఫలితాలు మూడో ఏడాది రావు. మొదట్లోనే పెద్ద డ్రమ్ము నిండా తెచ్చి కలిపి నిల్వ చేసుకుంటే ఈ బాధ ఉండదు. రెండోది, పోలరైజ్డ్ మైక్రోస్కోపు ల్యాబులోనే ఉందా, లేక వేరే డిపార్ట్‌మెంటులో స్లాటు కోసం ఎదురుచూడాలా? నా ఉద్దేశంలో ఈ సబ్జెక్టుకి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో అణువుల అమరిక చూసే పరీక్ష) బయట చేయించుకోవచ్చు, మైక్రోస్కోపు మాత్రం చేతికి అందే దూరంలో ఉండాలి.

మీ టాపిక్ బైండర్ పిచ్ వైపా, బ్యాటరీ గ్రాఫైట్ వైపా అన్నది కింద కామెంట్లో రాస్తే, మొదటి ఆరు నెలల్లో ఏ పరీక్షలు చేతికి అలవాటు చేసుకోవాలో విడిగా చెబుతాను.