చీలమండ ఆపరేషన్ అయినవాళ్లు ఎంత కోలుకున్నారో కొలిచే ప్రశ్నలు ఎలా తయారుచేయాలి?

చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్ల కోసం పీజీ థీసిస్‌లో భాగంగా సొంత ప్రశ్నావళి రాయాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను ఆర్థో వార్డులో ఫిజియోథెరపిస్టుని, ఇలాంటి పనిలో కొన్నాళ్లు ఉన్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి రాగానే ముందు పేషెంట్ల దగ్గర కూర్చోండి. ప్రశ్నలు తర్వాత రాయొచ్చు.

మా దగ్గరికి బట్టలు కుట్టే ఆవిడ ఒకావిడ వచ్చేది. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది. పాదం వంగడం కొలిస్తే రెండో కాలికి దాదాపు సమానం. ఫైలు చూస్తే కేసు అయిపోయినట్టే. ఆవిడేమో, "మిషన్ తొక్కిన కాసేపటికే లోపల సలుపు పుడుతోంది మేడమ్, పండక్కి ఒప్పుకున్న జాకెట్లు వెనక్కిచ్చేశాను" అంది. ఆ సలుపు ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు. మీ ప్రశ్నలు పట్టుకోవాల్సింది దాన్నే.

ఇప్పటికే ఉన్నవి కూడా చదవండి. 1984లో స్వీడన్ డాక్టర్లు తెచ్చిన ఒలెరుడ్-మోలాండర్ స్కోరు చీలమండ విరిగినవాళ్ల కోసమే. తొమ్మిది అంశాలు, 100 పాయింట్లు. అందులో నొప్పికి 25, గొంతుక్కూర్చోవడానికి 5. నేల మీది మరుగుదొడ్డి వాడే మనిషికి, కలుపు తీసే కూలీకి ఆ 5 పాయింట్లలోనే రోజు గడవడం ఉంది. పాదం, చీలమండ సమస్యలకి వాడే ఎఫ్ఏఓఎస్ అనే ప్రశ్నావళిలో 42 ప్రశ్నలు. ఆటలకి వేరే విభాగం ఉంది కాబట్టి కుర్రాళ్లకి పనికొస్తుంది. మాంచెస్టర్-ఆక్స్‌ఫర్డ్ ప్రశ్నావళిలో 16 ప్రశ్నలే, కాకపోతే లైసెన్సు తీసుకోవాలి.

పీజీకి ఉన్న టైములో పూర్తిగా కొత్తది తయారుచేయడం కష్టమని నా అభిప్రాయం. వీటిలో ఒకటి తీసుకుని ముట్టుకోకుండా వాడండి. గట్టు మీద నడక, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఆటో బ్రేకు తొక్కడం లాంటివి విడి కాగితం మీద అడిగి విడిగా లెక్కించండి. రెండూ కలిపేస్తే మీ స్కోరుని ఎవరి స్కోరుతోనూ పోల్చలేరు.

మెట్లు ఎక్కడం, దిగడం ఒకే ప్రశ్నలో పెట్టకండి. దిగేటప్పుడు చీలమండ ఎక్కువ వంగాలి, చాలామందికి ఇబ్బంది అక్కడే. "ఇప్పుడెలా ఉంది?" అంటే ఆ పూట సంగతి చెబుతారు, "గత వారం రోజుల్లో" అని అడగండి.

ఇక అడిగేది ఎవరన్నది చాలా ముఖ్యం. ఆపరేషన్ చేసిన సర్జన్ అడిగితే "బాగానే ఉంది సార్" అంటారు. ఆయన మీద గౌరవమే వాళ్ల చేత అలా అనిపిస్తుంది. అదే మనిషి బయట బెంచీ మీద కూర్చుని, రాత్రి వాపుకి నిద్ర పట్టట్లేదని పక్కవాళ్లతో చెబుతాడు. చికిత్సతో సంబంధం లేనివాళ్లతో అడిగించండి. చదువురానివాళ్లకి ప్రశ్న ఉన్నదున్నట్టు చదివి వినిపించాలి. పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెప్పేస్తుంటే మర్యాదగా ఆపి, పేషెంటు నోటితోనే చెప్పించాలి.

పరిస్థితి మారని కొందరికి వారం పది రోజుల తర్వాత మళ్లీ ఇవ్వండి, స్కోరు దాదాపు అంతే రావాలి. ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి తీసుకుంటే కోలుకుంటున్నవాళ్ల స్కోరు మెరుగవ్వాలి. మూడు నెలలకే అందరికీ అన్నిటికన్నా మంచి స్కోరు వస్తుంటే ప్రశ్నలు మరీ తేలికైనట్టే. అప్పుడు ఇంకా కుంటుతూ వస్తున్నవాళ్లని పిలిచి, ఏ పని చేయలేకపోతున్నారో మళ్లీ అడగండి.