“ఈస్టర్‌కి నేనూ మునుగుతా” అనే పిల్లాడికి బాప్తిస్మం గురించి ఎలా చెప్పాలి?

వందనాలు సిస్టర్. మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో మూడు ముడులున్నాయి. ఎనిమిదేళ్ల బాబు ఈస్టర్‌కి తనకూ బాప్తిస్మం ఇమ్మంటున్నాడు. ఐదేళ్ల పాప “ముంచుతారు” అనగానే ఏడుస్తోంది. పెద్దనాన్నగారి పాపకి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో ఆరు నెలలకే అయిపోతే మాకెందుకు కాలేదని ఇద్దరూ అడుగుతున్నారు. సండే స్కూల్లో ఈ మూడూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

ముందు మాట సంగతి తేల్చండి. చెన్నైలో మన పిల్లలు ఇంట్లో బాప్తిస్మం అని, పక్కింటి తమిళ పిల్లల దగ్గర ఞానస్నానం అని, బడిలో బాప్టిజం అని వింటారు. ఇవి మూడు వేరువేరు పనులనుకునే పిల్లలు చాలామందే ఉంటారు. ఒకటేనని చెప్పండి. గ్రీకు మాటకి అర్థం ముంచడమేనని కూడా చెప్పొచ్చు. కాకపోతే “స్నానం” చెవిన పడిందంటే పిల్లల బుర్ర నేరుగా సబ్బు, మురికి దగ్గరికి పోతుంది. అసలు చిక్కంతా అక్కడే.

“నీళ్లు పాపాన్ని కడిగేస్తాయి” అన్న బొమ్మ ఒకసారి మనసులో పడితే ఊడదీయడం కష్టం. అబద్ధమాడిన ప్రతిసారీ మళ్లీ మునగాలా అని అడుగుతారు, వాళ్ల లెక్క ప్రకారం అది సరైన ప్రశ్నే. గ్లాసు నీళ్లలో ఇంకు వేసి బ్లీచింగ్‌తో తెల్లగా చేసి చూపించే పాఠం ఒకటుంది, అది మాత్రం వద్దు. బ్లీచింగ్ పిల్లల దగ్గర ప్రమాదం, పైగా మీ బాప్టిస్టు సంఘం చెప్పేది అది కాదు. కడిగేది యేసయ్య, నీళ్లు ఆ సంగతిని పదిమంది ముందు చూపించే గుర్తు. తాళితో పోల్చి చెప్తే తొందరగా పట్టుకుంటారు: తాళి కట్టడం వల్ల అమ్మానాన్నలకి ఒకరంటే ఒకరికి ఇష్టం పుట్టలేదు, ఉన్న ఇష్టాన్ని అందరి ముందూ చెప్పారు.

రోమా 6:4లో పౌలు వాడింది సమాధి, తిరిగి లేవడం అనే పోలిక. చిన్నపిల్లలకి సమాధి కంటే గింజ నయం. శనివారం రాత్రి గుప్పెడు పెసలు నానబెట్టండి. ఆదివారం పేపర్ కప్పుల అడుగున పుల్లతో మూడు చిల్లులు పొడిచి, మట్టి పోసి, వేలి కణుపంత లోతులో నాటించండి. మన చెన్నై వేడికి మూడు నాలుగు రోజుల్లో తల ఎత్తుతాయి కాబట్టి మరుసటి ఆదివారం పాఠానికి మొలక సిద్ధం. చెడేది రెండు రకాలుగా. చిల్లుల్లేని కప్పులో నీళ్లు నిలిచి గింజ కుళ్లిపోతుంది. లేదా వాళ్లే రోజూ తవ్వి చూసి వేరు తెంపేస్తారు. ఒక్కో కప్పులో ఐదేసి గింజలు వేయండి. ఒక్కటే వేసి అది మొలవకపోతే “నాదాన్ని దేవుడు లేపలేదు” అంటారు, ఆ తర్వాత మీరేం చెప్పినా ఎక్కదు.

ముంచడం చూపించడానికి బొమ్మ వాడేవాళ్లు సాధారణంగా ప్లాస్టిక్ బొమ్మ తెస్తారు. లోపల గాలి ఉంటుంది కనక అది టపీమని పైకి తేలుతుంది, పిల్లలు నవ్వుతారు, పాఠం అక్కడితో సరి. బొమ్మ చెయ్యి ఊడదీసి లోపల నీళ్లు నింపి బిగిస్తే మీ చేతిలో బుద్ధిగా మునిగి లేస్తుంది. అర బకెట్ నీళ్లు చాలు, అయిపోగానే పారబోయండి. నీళ్లున్న బకెట్ దగ్గర చిన్నపిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

పాప భయం నీళ్ల గురించి కాకపోవచ్చు. పాస్టరుగారు మనిషిని వెనక్కి వాలుస్తారు చూడండి, పిల్లలకి అది పడిపోవడంలా కనిపిస్తుంది. మంచం మీద దిండు వేసి, వాళ్ల నాన్న ఒక చెయ్యి పాప వీపు కింద పెట్టి, రెండో చేత్తో పాప చేతులు పట్టుకుని మెల్లగా వాల్చి లేపితే సరి. నాలుగుసార్లకి ఆటైపోతుంది. నీళ్లలో ఉండేది ఒకటి రెండు క్షణాలేనని, మీరు “ఒకటి, రెండు” అనేలోపు లేపేస్తారని లెక్కపెట్టి చూపించండి. ఇంట్లో తల ముంచి ప్రాక్టీసు మాత్రం చేయించొద్దు.

పెద్దనాన్నగారి పాప విషయంలో “వాళ్లది తప్పు” అనే మాట ఇంట్లో రానీయకండి, అది నాయనమ్మ దాకా పోతుంది. 1947లో ఇదే ఊళ్లో సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు అందులో కలిసిన ఆంగ్లికన్, మెథడిస్టు వంటి సంఘాలు పసిబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చేవి. బాప్టిస్టులు అందులో కలవలేదు. పిల్లలకి ఇలా చెప్తే చాలు: అక్కడ అమ్మానాన్నలు ముందు మాటిస్తారు, పాప పెద్దయ్యాక బిషప్‌గారి ముందు కన్ఫర్మేషన్‌లో ఆ మాట తనదని చెప్తుంది. మన దగ్గర ఆ మాట వచ్చేదాకా ఆగుతాం. వీలైతే సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్లండి. 1680 నాటిది. అక్కడ బాప్తిస్మం ఇచ్చే నల్లరాతి తొట్టి చూస్తే, పెద్దమనిషి పట్టడని వాళ్లే అంటారు. లోపలికి గుర్తింపు కార్డు అడుగుతారు, మర్చిపోవద్దు.

ఇక బాబు. “యేసయ్యను నమ్ముతున్నావా?” అనడిగితే ప్రతి పిల్లాడూ అవుననే అంటాడు, అది పరీక్షే కాదు. “బాప్తిస్మం తీసుకోకపోతే ఏమవుతుంది?” అనడగండి. నరకం అన్నాడంటే భయంతో అడుగుతున్నాడన్నమాట. యేసయ్య పక్కన సిలువ మీదున్న దొంగ కథ చెప్పండి, నాతో పరదైసులో ఉంటావని యేసయ్య మాటిచ్చిన అతనికి బాప్తిస్మం ఎక్కడిది? “ఇప్పుడే ఎందుకు?” అంటే “బల్లలో చెయ్యి వేయొచ్చుగా” అనే జవాబు తరచుగా వస్తుంది, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చని. ఆ చిన్న గ్లాసులో ద్రాక్షరసం మీద పిల్లల కన్ను ఎప్పుడూ ఉంటుంది, తిట్టకండి. బలవంతం లేకుండా అదే ప్రశ్న రెండు మూడు నెలల తర్వాత మళ్లీ అడగండి. జవాబు సొంత మాటల్లో వస్తోందా, బట్టీయా అన్నది వినపడిపోతుంది.

“నువ్వింకా చిన్నోడివి” అని ఊరుకుంటే దేవుడికి తను అక్కర్లేదనుకుంటాడు. ఆగమనడం వద్దనడం కాదని చెప్పడానికి ఒంగోలు కథ బాగా పనికొస్తుంది. 1876–78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఒప్పుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆగినవాళ్లు ఆగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ కాలువ మన చెన్నై మధ్యలోంచే పోతుంది, చూపించి చెప్పండి.

ఈస్టర్ రోజు వాడికొక పని ఇప్పించండి. బాప్తిస్మం తొట్టి మెట్ల దగ్గర నిలబడి, బయటికి వచ్చినవాళ్లకి టవల్ అందించే పని. తడిసిన టైల్స్ జారతాయి, నిలబడే చోట గోనెపట్టా వేయించండి. చిన్న టవళ్లు వాళ్ల తడిసిన తెల్లబట్టలకి చాలవు, దుప్పటంతవి నాలుగు మడిచి వాడి చేతికివ్వండి.