డోలు పడ్డప్పుడే గొంతు ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: మా ఊళ్లో బీరప్ప పండుగకు ఒగ్గు కథ పెట్టించాము. కథకుడు వచనం చెబుతున్నంతసేపు మైకు సెట్ బాగానే పలికింది. డోళ్లు అందుకోగానే ఆయన గొంతు బర్రుమని పగిలినట్టు వినిపించింది. సెల్‌ఫోన్‌లో తీసిన రికార్డింగును ఎంత తగ్గించి విన్నా ఆ పగులు పోవడం లేదు. లోపం మైకుదా, హారన్లదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మైకు తీగ గాని, హారన్ లోపలి డయాఫ్రం గాని చెడిపోయి ఉంటే వచనంలో కూడా గరగర వినిపించేది. డోలు దెబ్బకు మాత్రమే గొంతు పగిలిందని మీరు స్పష్టంగా గమనించారు కాబట్టి, యాంప్లిఫయర్ తన శక్తికి మించి పలకవలసి వచ్చిందని భావించవచ్చు. దీనిని క్లిప్పింగ్ అంటారు.

యాంప్లిఫయర్‌కు లోపల ఎన్ని వోల్టుల సరఫరా ఉన్నదో, బయటికి వచ్చే అల అంతకు మించి లేవదు. ఆ సరఫరా ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు అనుకుంటే, 8 ఓముల స్పీకరుకు అది సుమారు 100 వాట్లు ఇవ్వగలదు. డోలు దెబ్బకు అల రెట్టింపు ఎత్తు, అంటే 80 వోల్టులు, లేవవలసి వస్తే 400 వాట్లు కావాలి. అంత శక్తి లేదు గనుక అల కొసలు పైనా కిందా కోసేసినట్టు చదునవుతాయి. అట్లా చదునైన అలలో అసలు లేని స్వరాలు పుడతాయి: 200 హెర్ట్జ్ (అంటే సెకనుకు 200 కంపనాల) స్వరం రెండు వైపులా సమానంగా తెగితే 600, 1,000, 1,400 హెర్ట్జ్ స్వరాలు దానికి తోడవుతాయి. ఇట్లా అసలు ధ్వని రూపం మారడాన్ని వికృతి అంటారు, ఇది హార్మోనిక్ వికృతి. ఇవి మూలస్వరానికి గుణిజాలే కాబట్టి, కొద్దిపాటిగా ఉంటే చెవి సర్దుకుంటుంది.

రెండు ధ్వనులు కలిసి తెగినప్పుడు అట్లా సర్దుకోలేదు. 1,000, 1,100 హెర్ట్జ్ స్వరాలు ఒకేసారి వెళ్లి తెగితే 900, 1,200 హెర్ట్జ్ వంటి స్వరాలు కూడా వస్తాయి. వాటికి ఆ రెండింటితోనూ పొత్తు కుదరదు. ఇది ఇంటర్‌మాడ్యులేషన్ వికృతి. మీరు విన్నది ముఖ్యంగా ఇదే. డోలు మంద్రనాదం 80 హెర్ట్జ్ అనుకుందాం. ఆ పెద్ద అల మీద కథకుని గొంతు చిన్న చిన్న అలలుగా ఎక్కి ప్రయాణిస్తుంది. పెద్ద అల పైకొస, కిందికొస తెగిన ప్రతిసారీ వాటి మీదున్న గొంతు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అంటే సెకనుకు 160 సార్లు గొంతు ఆగి మళ్లీ వస్తుంది. ఆ బర్రుమనే చప్పుడు అదే. రాత్రంతా పాడే కథకుని కంఠానికి ఈ నింద రాకూడదని నా గట్టి కోరిక.

కనుక డోళ్లను కథకుని మైకుకు నాలుగడుగుల దూరంగా నిలబెట్టించండి. వాటికి మైకు అవసరమే తక్కువ. మిక్సర్‌లో మంద్రనాదాన్ని తగ్గించే 'లో కట్' మీట ఉంటే వేయించండి. చాలా హారన్లు అంత మంద్రాన్ని పలకనే పలకవు గనుక దానివల్ల మీరు కోల్పోయేదేమీ ఉండదు. అప్పటికీ పగిలితే వాల్యూం తగ్గించాలి. జనానికి వినబడటం లేదని ఇంకా పెంచడం ప్రమాదం: పూర్తిగా చదునైన అల, అంతే ఎత్తున్న మామూలు అలకు రెట్టింపు శక్తిని స్పీకరులోకి తోస్తుంది, దాని లోపలి తీగచుట్ట (కాయిల్) మాడిపోతుంది.

రికార్డింగు విషయానికి వస్తే, తెగిన అలను తగ్గిస్తే అది చిన్నదవుతుందే తప్ప కొస తిరిగి రాదు. ఫోన్ మైకు కూడా పెద్ద చప్పుడుకు తట్టుకోలేకపోయి ఉండవచ్చు: 16 బిట్ల రికార్డింగులో అత్యధిక అంకె 32,767, అంతకు మించిన ధ్వని అంతా ఆ అంకె దగ్గరే నిలిచిపోతుంది. బాగుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, పోయిన కొసను అవి పక్కనున్న ఆకారాన్ని బట్టి ఊహించి గీస్తాయి.

వాల్యూం బాగా తగ్గించినప్పుడే గరుకుగా పలికే సెట్లు కూడా కొన్ని ఉంటాయి. వాటిలో అల పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని మరొకటి మోస్తాయి. సిలికాన్ ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టు కావాలి కాబట్టి, సర్దుబాటు సరిగా లేకపోతే ఒకటి వదిలి మరొకటి అందుకునే చోట అల విరుగుతుంది. దీనిని క్రాస్ఓవర్ వికృతి అంటారు. దీనికి మందు మెకానిక్ దగ్గరే ఉంది.

ప్రశ్న: ముంబైలో పనిచేస్తున్న మా అబ్బాయి ఫోన్ చేస్తే గొంతు సన్నబడినట్టు, కొన్ని అక్షరాలు కలిసిపోయినట్టు వినిపిస్తుంది. ఇదీ వికృతేనా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అవునమ్మా, కాని ఇది వేరే జాతి. పాత టెలిఫోను పద్ధతిలో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే ధ్వని ప్రయాణిస్తుంది. మగవారి గొంతులోని మూలనాదం 300 కంటే చాలా కిందే ఉంటుంది గనుక ఆ నిండుదనం పోతుంది. 'స' పలుకుబడిలోని ఈల వంటి భాగం ఎక్కువగా 4,000 పైన ఉంటుంది గనుక అది 'ఫ' లాగా వినిపిస్తుంది. ఇందులో కొత్త స్వరాలేవీ పుట్టవు, ఉన్నవి తగ్గుతాయి లేదా పోతాయి. ఇప్పటి 4జీ కాల్స్‌లో హెచ్‌డీ వాయిస్ ఉంటే సుమారు 7,000 హెర్ట్జ్ దాకా వస్తుంది. ఇద్దరి ఫోన్లలోనూ, ఇద్దరి నెట్‌వర్కులలోనూ ఆ సదుపాయం ఉండాలి. మీ ఫోన్ సెట్టింగులలో వోల్టీ (VoLTE, అంటే 4జీ మీదుగా కాల్స్) అనే మీట వేసి ఉందో లేదో ముందుగా చూడండి.