కీల్లోకి మందు ఎక్కించే ముందు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో సొంతంగా క్లినిక్ తెరిచావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఫోన్లో చెబితే "ఊఁ ఊఁ" అని మర్చిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నా.

నీ దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది "గుజ్జు అరిగిపోయిందంట సార్" అంటూనే వస్తారు. మోకాళ్ల పర్వతం మెట్లు మోకాళ్లతో ఎక్కి, వారం తిరక్కుండా కుంటుకుంటూ వచ్చినవాళ్లను తిరుపతిలో ఎంతమందిని చూశానో! సూది వెయ్యమంటారు. నువ్వు అలవాటుకొద్దీ ఒకే సిరంజిలోకి స్టెరాయిడూ, చోటు మొద్దుబార్చే మత్తుమందు లిగ్నోకైన్, రెండు శాతందీ లాగేస్తావు. ఆ లిగ్నోకైన్ కీల్లోకి ఎందుకురా? సూది నొప్పి చర్మానిది. చర్మం కింద లిగ్నోకైన్ ఒక మిల్లీలీటరు బుడగలా ఎక్కించి, నిమిషం ఆగి, వేరే సిరంజితో స్టెరాయిడ్ ఒక్కటే లోపలికి పంపు. రెండూ కలిస్తే గుజ్జు కణాలకు మరింత చేటని లాబ్ పరీక్షల్లో తేలింది. పైగా అరిగిన గుజ్జుకు పైపొర ఊడిపోయి ఉంటుంది, మందు తిన్నగా కణాల దాకా దిగుతుంది.

నేనేమీ పుణ్యాత్ముణ్ణి కాదులే. మత్తు డాక్టరుగా ఏళ్ల తరబడి, ఆర్థ్రోస్కోపీ (చిన్న కన్నంలోంచి కీల్లోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్) అవ్వగానే, లిగ్నోకైన్ లాంటిదే అయిన బుపివకైన్ అర శాతం 20 మిల్లీలీటర్ల సీసా మొత్తం కీల్లోకి ఒంపించాను. పేషెంట్ నొప్పి లేకుండా లేస్తే అదే గొప్ప. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక చదివాక ఉలిక్కిపడ్డాను. ఆపరేషన్ తర్వాత పంపు పెట్టి 48 నుంచి 72 గంటలు కీల్లోకి మత్తుమందు వదిలిన 35 మందికి గుజ్జు కరిగిపోయింది. దాదాపు అన్నీ భుజాలే, అంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు. సగానికి పైగా మందికి మళ్లీ ఆపరేషన్.

గుజ్జుకు రక్తనాళాలు లేవు. ఈ మత్తుమందుకు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని కణం చచ్చిందంటే, ఆ చోటు పూడదు. ఎంత గాఢత, ఎంతసేపు అన్నదాన్ని బట్టే నష్టం.

మరి నొప్పి మాటేమిటంటావు. కీలు జోలికెళ్లకుండా నరానికి బ్లాక్ ఇప్పించు, అంటే నరం పక్కన మత్తుమందు వేయించు. భుజానికి మెడ దగ్గర వేసే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్, మోకాలికి తొడలో వేసే అడక్టర్ కెనాల్ బ్లాక్. నీకు రాకపోతే మత్తు డాక్టర్ని అడుగు, నామోషీ ఏం లేదు. కీల్లోకి తప్పదనుకుంటే 0.2 శాతం రోపివకైన్ అనే మత్తుమందు, అదీ ఒక్కసారే. అడ్రినలిన్ కలిపిన మత్తుమందు సీసాలో ఆమ్లగుణం ఎక్కువ, దాన్ని కీలుకు వాడొద్దు. పంపు గొట్టం మాత్రం కంపెనీ కుర్రాడు ఎంత డిస్కౌంట్ ఇస్తానన్నా కీల్లో పెట్టకు.

మత్తుమందుకు మెగ్నీషియం కలిపితే, విటమిన్ సి కలిపితే కణాలు బతుకుతాయని చదివి ఉంటావు. అవన్నీ లాబ్ గిన్నెల్లో పెంచిన కణాలు. నీ పేషెంట్ మోకాలు గిన్నె కాదు.

వచ్చే ఆదివారం ఇటు రా. అల్ట్రాసౌండ్ మిషన్ పట్టుకురా. సార్టోరియస్ కండ కింద, ధమని పక్కన నరం ఎలా కనబడుతుందో నా తొడ మీదే చూపిస్తా. సూది మాత్రం తేకు.

మీ మామయ్య