గ్రిగ్నార్డ్, గాలికొండ, డ్యూ పాయింట్: మూడూ నడుస్తాయా?

అడిగిన ప్రశ్న ఇది: "కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి ఈ ఏడే చేరాను. కొండలెక్కడమంటే ఇష్టం. వాతావరణం మ్యాపులు చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. మూడూ నడుస్తాయా, ఏదో ఒకటి మానుకోవాలా?"

మానుకోవద్దు. ముఖ్యంగా ఆ మూడోదాన్ని అస్సలు మానుకోవద్దు. మిగతా రెండింటినీ కలిపి ఉంచేది అదే.

నేను విశాఖలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. చదువుకీ కొండలకీ మధ్య నలిగిపోయేవాళ్ళను మా హాస్టల్లోనే చాలామందిని చూశాను. వాళ్ళందరిదీ ఒకటే పద్ధతి, క్యాలెండర్ చూసి ప్లాన్ వేస్తారు. ఆదివారం ట్రెక్, సోమవారం ల్యాబ్. ఆదివారం వాన పడితే ట్రెక్ పోతుంది, ఆ ఉసూరుమనే మనసుతో సోమవారం పనీ సాగదు. నేను ముందు ఆకాశం చూస్తాను, తర్వాతే వారం వేసుకుంటాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మూడు రోజులు ముసురు పట్టేలా ఉంటే థీసిస్ రాస్తాను, అణువుల నిర్మాణం చెప్పే ఎన్ఎంఆర్ స్పెక్ట్రాలు ముందేసుకుని కూర్చుంటాను. ఉత్తరం నుంచి పొడిగాలి దిగితే ల్యాబ్‌లో తేమ పడని రియాక్షన్లన్నీ పెట్టేస్తాను, మధ్యలో ఒక తెల్లవారుజాము పాడేరు వైపు వెళ్ళొస్తాను. చివరికి లెక్క చూస్తే రెండింటికీ సమయం మిగులుతోంది.

కెమిస్ట్రీకీ వాతావరణానికీ ఏం సంబంధం అని మా సీనియర్లు కూడా అడిగేవారు. ఏసీ గదిలో కూర్చుని చదివిన పుస్తకాన్ని బట్టి అడిగే మాట అది. విశాఖలో వర్షాకాలంలో డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, 25, 26 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. ఆ గాలిలో, మెగ్నీషియంతో చేసే, తేమ అస్సలు పడని గ్రిగ్నార్డ్ రియాక్షన్ పెట్టి చూడండి. గాజు సామాను ఓవెన్‌లో ఎంత ఎండబెట్టినా, నైట్రోజన్ ఎంత పట్టినా, మెగ్నీషియం తురుము మొరాయిస్తుంది. అయోడిన్ స్ఫటికం వేసి, వేడి చేసి బతిమాలుకోవాలి. అదే పని జనవరిలో చేస్తే చకచకా మొదలైపోతుంది. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూసే టీఎల్‌సీ ప్లేటు కూడా అంతే. దాని మీది సిలికా పూత తేమ పీల్చుకుంటే పట్టు తగ్గుతుంది. అందుకే ఒకే సమ్మేళనం, ఒకే సాల్వెంట్ అయినా జులైలో మచ్చ పైకి పరిగెడుతుంది, జనవరిలో కిందే ఉంటుంది. ఇక మేలో ఈథర్. అది మరిగేది 34.6 డిగ్రీల దగ్గర. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిందంటే సీసా మూత తీయగానే బుస్సుమంటుంది. ఇవన్నీ నోట్‌బుక్‌లో తేదీతో పాటు డ్యూ పాయింట్ కూడా రాసుకుంటే తెలుస్తాయి. రాసుకునేవాళ్ళు ఎంతమంది? గాలిలో తేమ శాతం రాస్తే సరిపోతుందనుకుంటారు. ఆ శాతం ఉష్ణోగ్రతతో పాటు పొద్దునా సాయంత్రం మారిపోతుంది. గాలిలో నిజంగా ఎంత నీరుందో చెప్పేది డ్యూ పాయింటే.

నాకు ఈ అలవాటు హుద్‌హుద్ తుఫానుతో వచ్చింది. 2014 అక్టోబరు 12న అది మా విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. గాలి ఒక్కసారిగా నెమ్మదించగానే మా నాన్న విరిగిన చెట్టు చూద్దామని గేటు దాకా వెళ్ళారు. పక్కింటి తాతగారు నేవీలో చేసి వచ్చినాయన. "లోపలికి రావయ్యా, ఇది తుఫాను కన్ను. రెండో వైపు గాలి ఇంకా ఉంది" అని కేకేశారు. ఆ తర్వాత గాలి దిక్కు మార్చుకుని మళ్ళీ వచ్చింది. అప్పటి నుంచీ శాటిలైట్ చిత్రం చూడకుండా నాకు పొద్దు గడవదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఏప్రిల్ నెలాఖరున అరకు దారిలోని గాలికొండ వైపు వెళ్ళాం. మా ల్యాబ్ జూనియర్ అమ్మాయిలు ఇద్దరు, వాళ్ళలో ఒకరి అన్నయ్య, నేను. ఆ అన్నయ్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కారు ఆయనదే. ముందు రోజు సాయంత్రం విశాఖ బెలూన్ లెక్కలు చూశాను. రోజూ ఉదయం, సాయంత్రం అయిదున్నర లెక్కకి వాతావరణ శాఖ ఎగరేసే బెలూన్ అది. ఆ వివరాలు అమెరికాలోని వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కేప్ విలువ 2,500 దాటి ఉంది, అంటే మేఘం పైకి దూసుకెళ్ళడానికి కావాల్సిన ఇంధనం నిండుగా ఉందన్నమాట. పై గాలులు పడమటి నుంచి, ఒడిశా కొండల మీదుగా మన వైపు. ముందు రోజు మధ్యాహ్నం కొరాపుట్ వైపు ఉరిమింది కూడా. కాబట్టి రాత్రికే అనంతగిరి చేరి పడుకున్నాం, చీకటి ఉండగానే నడక మొదలుపెట్టాం. పదకొండుకల్లా కారు దగ్గర ఉండాలని అందరికీ చెప్పాను.

ఇక్కడ ఒక మాట. వేసవిలో కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వచ్చి, అక్కడి నుంచి ట్రెక్ మొదలుపెట్టేవాళ్ళకి దండం పెట్టి చెబుతున్నాను, అలా చేయకండి. సొరంగాలు, బొర్రా దగ్గర లోయ, రైలు ప్రయాణం అద్భుతమే. కానీ అది కొండల్లోకి చేర్చేసరికి మేఘాలు పుట్టే వేళవుతుంది. మీరు ఎక్కుతుంటారు, అవీ ఎక్కుతుంటాయి.

పైకి చేరేసరికి ఆకాశం కడిగినట్టుంది. తొమ్మిదిన్నరకి పడమటి గట్టు మీద చిన్న తెల్ల మేఘాలు మొలిచాయి. మేఘం అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో అంచనా వేయడం తేలిక. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. పొద్దున బయల్దేరేముందు ఫోన్‌లో చూసిన లెక్క ప్రకారం తొమ్మిదింటికి విశాఖలో 33, డ్యూ పాయింట్ 25 ఉండాలి. తేడా 8 అంటే 1,000 మీటర్లు. అరకు లోయే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, ఈ కొండల్లోని అర్మకొండ 1,680. అంటే మేఘం పుట్టడం మొదలైతే మనం దాని కింద ఉండం, దాని లోపల ఉంటాం. పదింపావుకి వాటి తలలు గోబీ పువ్వులా గట్టిపడి, అంచులు పదునుగా తేలాయి. సిగ్నల్ లేదు కాబట్టి రాడార్ లేదు, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ లేదు. దిగుదాం అన్నాను.

ఆ అన్నయ్య అప్పుడే డ్రోన్ బయటికి తీస్తున్నాడు. "ఎండ మాడిపోతోందండీ, వాన శాతం ఇరవయ్యే చూపించింది" అన్నాడు. ఆ ఇరవై శాతం అంకె ఎంతమందిని ముంచిందో! యాప్‌లో అది చూపించే గడిలో అరకు కొండా ఉంటుంది, కింది మైదానమూ ఉంటుంది. కొండకి దాని సొంత వాన ఉంటుంది. నేను వాదించలేదు, జూనియర్లతో దిగడం మొదలుపెట్టాను. మొహం ముడుచుకునే అయినా ఆయనా వెనకే వచ్చాడు. కాఫీ తోటల్లోకి వచ్చేసరికి వెలుగు తగ్గింది, చల్లటి గాలి మొహాన కొట్టింది. నీడ దొరికిందని ఒక అమ్మాయి సిల్వర్ ఓక్ కింద ఆగబోతే చెయ్యి పట్టుకుని లాగాను. మన దేశంలో పిడుగులకి ఏటా రెండు వేలమందికి పైగా చనిపోతున్నారు. పొలాల్లో, చెట్ల కింద పోయేవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. కారులోకి చేరి అద్దాలు బిగించాక మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాం. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. తొమ్మిది సెకన్లు, ఆరు, నాలుగు. ఆ తర్వాత లెక్కపెట్టే వ్యవధే లేదు. వాలు మీది ఒక ఓక్ చెట్టు మీద పడింది. వాన తగ్గాక చూస్తే బెరడు పైనుంచి కింది దాకా ఒక పట్టీలా ఊడి ఉంది. డ్రోన్ గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

వడగళ్ళు కారు మీద మోగుతుంటే అద్దాలు లోపలి వైపు ఆవిరి పట్టాయి. బయట వాన అద్దాన్ని చల్లబరిచింది, లోపల నలుగురి ఊపిరి, తడి బట్టలు. చిన్న జూనియర్ వేలితో అద్దం మీద గీతలు గీస్తూ, "అక్కా, మన రీఏజెంట్ సీసా కూడా ఇలాగే తడుస్తుందిగా" అంది. ఎలా అన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరిచి తూకం వేస్తున్నానని చెప్పింది. చల్లటి సీసా, విశాఖ గాలి! తెరిచిన ప్రతిసారీ లోపల నీళ్ళు పట్టకుండా ఎలా ఉంటుంది? ఆమె ఈల్డ్, అంటే రావాల్సినదానిలో చేతికొచ్చే వాటా, ఎందుకు నలభై శాతం దగ్గరే ఆగిపోతోందో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. గ్రూప్ మీటింగుల్లో స్టాయికియోమెట్రీ (పదార్థాల పాళ్ళు) మార్చు, సాల్వెంట్ మార్చు అని సలహాలే సలహాలు. సోమవారం నుంచి కొత్త సీసా తెప్పించి, గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా మూత తీయకుండా వాడింది. డెబ్బై దాటింది. ఆ కారులో కూర్చోకపోతే ఇంకో ఏడాది పట్టేది, నా నమ్మకం అదే.

అందుకే రిజిస్టర్‌లో సంతకాల లెక్కతో పరిశోధన కొలిచే పద్ధతి అంటే నాకు ఒళ్ళు మంట. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కుర్చీలో ఉన్నవాడే పనిమంతుడు అంటారు. హాస్టల్ గేటు వేళలు మరీ అన్యాయం. తెల్లవారుజామున బయల్దేరాలంటే అబ్బాయిలకి అడ్డులేదు, మాకు మాత్రం ఉత్తరం రాయించుకురావాలి. మా అమ్మ కూడా "ఉద్యోగం వచ్చాక ఎక్కొచ్చు కదే కొండలు" అంటుంది. అప్పటికి మోకాళ్ళెలా ఉంటాయో!

మేఘాల సముద్రం చూడ్డానికి జనం వెళ్ళే, పాడేరు దగ్గరి వంజంగి సంగతి కూడా చెప్పి తీరాలి. శీతాకాలంలో లోయలో చల్లగాలి కిందే చిక్కుకుని, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటే ఆ మేఘాల సముద్రం ఏర్పడుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి ఉండకూడదు. ముందు రోజు వాన పడి నేల తడిగా ఉంటే ఇంకా మంచిది. ఇవి చూసుకుని వెళితే ఖాళీ చేతులతో రావడం అరుదు. వీడియో వైరల్ అయిందని శనివారం రాత్రి వేలమంది కార్లేసుకుని రావడం, మేఘాల్లేవని తిట్టుకుంటూ చిప్స్ కవర్లు, నీళ్ళ సీసాలు అక్కడే పారేసి పోవడం చూస్తే ఏడుపొస్తుంది. అది గిరిజనులు బతికే ఊరు. వాళ్ళ పశువులు ఆ కవర్లు తింటాయి.

మీ గైడ్ ఒప్పుకుంటారో లేదో అన్న భయం ప్రశ్నలో కనబడుతోంది. సెలవు అడగకండి, ముందు నోట్‌బుక్ చూపించండి. మొదటి ఆరు నెలలు ప్రతి రియాక్షన్ పక్కన డ్యూ పాయింట్, గది ఉష్ణోగ్రత రాయండి. వర్షాకాలంలో ఏవి చెడిపోయాయో, చలికాలంలో ఏవి కుదిరాయో ఒక పేజీలో గీసి పెట్టండి. మా సార్ ఆ పేజీ చూశాకే డీహ్యుమిడిఫయర్ కొనడానికి సంతకం పెట్టారు. ఆ తర్వాత బుధవారం వెళ్ళొస్తానన్నా ఎందుకని అడగలేదు, శనివారం ల్యాబ్‌లో ఉంటానని ఆయనకి తెలుసు. మీది హైదరాబాద్ అయితే గాలి ఇంకా పొడి, పని తేలిక. రాడార్ చిత్రం మాత్రం ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచీ చూస్తూ ఉండండి.