టెక్ సందేహాలు: ప్రాంప్ట్ దాచుకుంటే చాలదు, ఫైలు దాచండి

ప్రశ్న: విజయవాడలో ఇద్దరం కలిసి వీడియోలు చేస్తుంటాం. మూడు క్లినిక్‌లకు, ఒక నగల దుకాణానికి ప్రతి నెలా చిన్న వీడియోలు ఇస్తాం. స్క్రిప్టు నుంచి సబ్‌టైటిళ్ల దాకా ఏఐ వాడుతున్నా, ప్రతి వీడియో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినట్టే ఉంటోంది. క్లయింట్లు అడిగే మార్పులకు అంతు లేదు. ఏ టూల్ కొంటే పని ఒక పద్ధతిలో పడుతుంది?

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. వీడియో మొత్తం తయారయ్యాక గానీ మీ క్లయింటు నోరు విప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. అప్పుడు ఒక మాట మార్చమంటే గొంతు మారాలి, దాంతో నిడివి మారుతుంది, ఆపైన దృశ్యాలూ సబ్‌టైటిళ్లూ అన్నీ కదులుతాయి. ఏఐ వచ్చాక ఈ తిప్పలు తగ్గకపోగా పెరిగాయి. ‘చేసేది మెషీనే కదా, ఇంకోటి తీసివ్వండి’ అనడం క్లయింట్లకు సులువైపోయింది.

క్లినిక్ వీడియోనే తీసుకుందాం. డాక్టరు గారు కెమెరా ముందు ఇరవై నిమిషాలు మాట్లాడారు. అందులోంచి నిమిషం వీడియోలు నాలుగైదు రావాలి. ఎడిటింగ్ టైమ్‌లైన్ తెరవకముందే ఆ మాటలన్నీ టైమ్‌కోడ్‌తో (ఏ మాట ఏ నిమిషం, ఏ సెకనులో వచ్చిందో) సహా అక్షరాల్లోకి తెచ్చుకోండి. మాటను అక్షరాలుగా మార్చే ఏఐ మోడల్ విస్పర్‌ను ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసింది, అది మీ కంప్యూటర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. తెలుగు కోసం ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం తెచ్చిన మోడళ్లను కూడా పరీక్షించి, మీ డాక్టర్ల మాటతీరుకు ఏది నప్పితే అది ఉంచుకోండి. ఏ వాక్యాలు ఉండాలో అక్షరాల్లోనే ఎంచి, ఆ కాగితం డాక్టరు గారికి పంపి ‘సరే’ అనిపించుకోండి. తర్వాత బొమ్మలేవీ కలపకుండా, కోసి అతికించిన మాటలు మాత్రమే వినిపించండి. అదీ సరే అన్నాకే దృశ్యాలు, సంగీతం, సబ్‌టైటిళ్లు. ప్రతి ‘సరే’ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పుకున్న దశకు మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తే దానికి వేరే రేటు. ఈ షరతు అడ్వాన్సు తీసుకునే రోజే చెప్పాలి. బొమ్మ చూపించాక చెబితే గొడవ తప్పదు.

యంత్రం రాసిన అక్షరాలను మనిషి చదవకుండా ముందుకు పంపకండి. తెలుగులో ఇంగ్లిషు మందుల పేర్లు కలిపి మాట్లాడినప్పుడు, అంకెలు వచ్చినప్పుడు ఈ మోడళ్లు ఎక్కువగా తడబడతాయి. ‘అర మాత్ర’ కాస్తా సబ్‌టైటిల్‌లో ‘ఆరు మాత్రలు’ అయిందనుకోండి, అది అచ్చుతప్పుతో పోయే విషయం కాదు. అంకెలు, మోతాదులు, పేర్లు ఆడియో వింటూ ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. ఒక్కో క్లయింటుకు ఒక పదాల జాబితా పెట్టుకోండి: డాక్టర్ల పేర్లు, చికిత్సల పేర్లు, వాళ్లు కోరుకునే వర్ణక్రమం. విస్పర్‌కు ముందుగా ఆ పదాలను సూచనగా ఇవ్వవచ్చు. స్క్రిప్టు సరిచేసే చాట్‌బాట్‌కూ అదే జాబితా ఇవ్వండి. ప్రతి సవరణనూ జాబితాలో చేర్చుకుంటూ పోతే, వచ్చే నెల అదే పేరు మళ్లీ దిద్దే పని చాలావరకు తప్పుతుంది.

దృశ్యాల సంగతి వేరు. ‘ప్రాంప్ట్ (ఏఐకి రాసిచ్చే సూచన) దాచుకున్నాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు అదే దృశ్యం వస్తుంది’ అనుకునేవాళ్లు చాలామంది. రాదు. ఒకే ప్రాంప్ట్‌కు ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి వస్తుంది. మోడల్ కొత్త వెర్షన్ వచ్చిందంటే పూర్తిగా మారిపోతుంది. అందుకే క్లయింటు ఒప్పుకున్న క్లిప్పునే దాచండి. పక్కనే మోడల్ పేరు, వెర్షన్, తేదీ, ఆధారంగా ఇచ్చిన ఫొటో కూడా ఉంచండి. లోగో, ఫాంటు, రంగుల కోడ్‌లు, మొదటి, చివరి దృశ్యాలు అదే క్లయింటు ఫోల్డర్‌లో ఉండాలి. మీరు కోరుకునే పద్ధతి సగానికి పైగా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. వీడియో పుట్టించే గూగుల్ వీయో 3 వంటి ఏఐలు ఒక్కసారికి ఇచ్చేది 8 సెకన్ల ముక్క. రెండు ముక్కలు కలిపేసరికి అందులోని మనిషి కట్టుకున్న చీర అంచు మారిపోవచ్చు. కాబట్టి మాటల మధ్య వచ్చే చిన్న దృశ్యాలకే వాటిని పరిమితం చేయండి.

నగలను మాత్రం ఏఐతో పుట్టించకండి. దుకాణంలో లేని హారం వీడియోలో మెరిస్తే అది కొనేవాళ్లను మోసగించడమే. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద చర్యలుంటాయి. అసలు నగను మాక్రో లెన్సుతో తీయండి. వెనక తెర ఏఐది అయినా ఫరవాలేదు.

ప్రశ్న: ఒక్క వాక్యం తప్పు పోతే డాక్టరు గారిని మళ్లీ పిలవలేక, ఆమె గొంతును ఏఐతో క్లోన్ చేసి సరిదిద్దాలనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: మౌఖికంగా ‘కానీయండి’ అంటే సరిపోదు. ఏ వీడియోలకు, ఎంతకాలం, ఒప్పందం ముగిశాక ఆ గొంతు మోడల్‌ను ఎవరు తొలగించాలి అన్నవి కాగితం మీద రాయించి ఆమె సంతకం తీసుకోండి. క్లోన్ గొంతుతో చెప్పించిన ప్రతి వాక్యాన్నీ విడుదలకు ముందు ఆమెకు వినిపించాలి. రోగులు నమ్మేది ఆమె మాటను.

‘ఇది ఏఐతో చేసింది’ అనే లేబుల్ తప్పించుకోలేరు. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల సవరణ ప్రకారం, అసలైనదిగా కనిపించే, వినిపించే కృత్రిమ కంటెంట్‌కు స్పష్టమైన లేబుల్ ఉండాలి. అర్థం మార్చని రంగుల సవరణ, రొద తొలగింపు వంటి మామూలు ఎడిటింగ్ దీని కిందికి రాదు. యూట్యూబ్ 2024 నుంచే ఇలాంటి వీడియోలకు అప్‌లోడ్ సమయంలో వివరం అడుగుతోంది. ఆరోగ్యం వంటి సున్నితమైన విషయాలైతే లేబుల్‌ను వీడియో మీదే చూపిస్తుంది. నా మట్టుకు నేనైతే, ఆ ఒక్క వాక్యాన్నీ డాక్టరు గారి గదిలోనే ఫోనులో రికార్డు చేయించి పంపమంటాను. గది శబ్దంలో తేడా ఉంటే దృశ్యం మార్చే చోట దాన్ని కప్పేయవచ్చు.

ప్రశ్న: టైటిళ్లలో ఒత్తులు విడిపోతున్నాయి. ఏఐ తయారుచేసిన పోస్టర్లలో అక్షరాలే వంకరపోతున్నాయి.

జవాబు: ఎడిటింగ్‌కు ప్రీమియర్ ప్రో వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లండి. టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక కనిపిస్తే ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ ఎంచుకుని, టైటిల్‌ను కొత్తగా పెట్టి చూడండి. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో ఇచ్చిన మేటర్‌ను అలాగే అతికిస్తే సబ్‌టైటిల్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే అక్షరాల పద్ధతిలోకి) మార్చి, ఒకసారి ప్రూఫు చదవండి. ఏఐ పోస్టర్లలో అక్షరాల చోటు ఖాళీగా వదలమని చెప్పి, తెలుగు మీరే టైప్ చేసుకోండి.