‘అనోహానా’ దయ్యం కథేనా? తమ్ముడితో కలిసి చూడవచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు: దయ్యం కథలంటే భయపడే మీరు జపాను యానిమేషన్ సిరీస్ ‘అనోహానా’ చూడగలరా, ఎనిమిదో తరగతి చదివే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చా అని. భయపెట్టేది ఇందులో ఏమీ లేదు. చిన్నతనంలోనే చనిపోయిన మెన్మా, కాస్త ఎదిగిన రూపంలో తెల్ల గౌను వేసుకుని తన చిన్ననాటి స్నేహితుడు జింతా ఇంట్లో ప్రత్యక్షమవుతుంది. ఆకలి వేస్తే తింటుంది, వంటింట్లో దూరి ఆవిరి మీద రొట్టెలు వండుతుంది, అతని మీద పడి అల్లరి చేస్తుంది. అతనికి తప్ప ఎవరికీ కనిపించదు. నా కోరిక ఒకటి తీర్చాలి అంటుంది, ఆ కోరిక ఏమిటో మాత్రం తనకే గుర్తు లేదు.

మెన్మా, జింతా, మరో నలుగురు స్నేహితులు, ఈ ఆరుగురూ ఒకప్పుడు అడవిలో ఒక గుడిసెను రహస్య స్థావరంగా చేసుకుని ఆడుకున్న జట్టు. మెన్మా పోయాక ఎవరి దారి వారిదైంది. హైస్కూలు వయసు వచ్చేసరికి జింతా బడికి వెళ్లడం మానేసి ఇంట్లోనే ఉంటాడు. కోరిక తీర్చే వంకతో అందరూ మళ్లీ ఒకచోట చేరతారు.

నా దృష్టిలో ఇది మెన్మా కంటే ఎక్కువగా మిగిలిన ఐదుగురి కథ. ఆమె చావుకు తానే కారణమని, తనంత బాధ మరెవరికీ లేదని ఒక్కొక్కరూ లోపల నమ్ముతుంటారు. దుఃఖంలో కూడా వాళ్ల మధ్య పోటీయే. యుకిఅత్సు అనే కుర్రాణ్ణి చూడండి: చదువులో ముందు, రూపంలో ముందు. మెన్మా జింతాకే కనిపించి తనకు కనిపించకపోవడం అతను భరించలేడు. ఆమె గౌను లాంటిది తొడుక్కుని, విగ్గు పెట్టుకుని రాత్రివేళ అడవిలో తిరుగుతాడు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. తెర మీద చూస్తే నాకు గొంతు పట్టేసింది.

నాకిది ఇంత దగ్గర కావడానికి కారణం ఉంది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా జట్టులో ఒకడు డెంగీ జ్వరంతో పోయాడు. తర్వాత పండగలకు ఊరు వచ్చినప్పుడల్లా మిగిలినవాళ్లం కలిసేవాళ్లం. క్రికెట్టు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు అన్నీ మాట్లాడుకునేవాళ్లం, వాడి పేరు మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ఈ సిరీస్ చూశాక ఒక సంక్రాంతికి నేనే ఆ మాట ఎత్తాను. వాడి సైన్సు రికార్డు తన దగ్గరే ఉండిపోయిందని, వాళ్లమ్మకు ఇచ్చే ధైర్యం లేక దాచుకున్నానని ఒకడు చెప్పాడు. మర్నాడు అందరం అది పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, వాడు తరగతిలో ఎవరి పక్కన కూర్చునేవాడు, ఎవరితో తగువు పడేవాడు అని చాలాసేపు అడిగారు.

సిరీస్‌లో మెన్మా తల్లి అలా కాదు. తన కూతురు చిన్నపిల్లగానే ఆగిపోతే వీళ్లు మాత్రం ఎదిగి గుమ్మంలో నిలబడ్డారన్న కోపం ఆమెది. ఆ కోపాన్ని తప్పుపట్టకుండా చూపించడం రచయిత్రి మారీ ఒకాదా గొప్పతనం. కథ నడిచే చిచిబు ఆమె సొంత ఊరు, తోక్యోకు వాయవ్యాన సైతామా రాష్ట్రంలో కొండల నడుమ ఉంటుంది. తాను కూడా చిన్నప్పుడు చాలాకాలం బడికి వెళ్లలేకపోయానని ఆమె బాహాటంగానే చెప్పారు. జింతా గది అంత నిజంగా ఉండడానికి కారణం అదేననుకుంటాను. ఆ ప్రాంతంలో యోషిదా అనే చోట ముకు దేవాలయం దగ్గర ఏటా అక్టోబరులో చేతితో చేసిన రాకెట్లను ఆకాశంలోకి వదిలే వేడుక ఉంది. కథలో పిల్లలు డబ్బు కూడబెట్టి తయారు చేయించే బాణసంచాకు మూలం అదే.

ఇక తమ్ముడి విషయం. రక్తపాతం లేదు. మధ్యలో ఒకచోట మాత్రం ఒక యువకుడు ఆ జట్టులోని నరుకో అనే అమ్మాయిని బలవంతంగా లాడ్జిలోకి లాక్కెళ్లబోతాడు. యుకిఅత్సు అడ్డుపడతాడు కాబట్టి ఏమీ జరగదు, అయినా ముందు మీరొక్కరే చూసి, అప్పుడు తమ్ముణ్ణి పిలవండి. అతనికి ఈ మధ్య దగ్గరివాళ్లెవరైనా దూరమై ఉంటే ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.

చివరి భాగంలో ఏడుపులు మితిమీరాయనే విమర్శ వింటారు. అందులో నిజం ఉంది, కేకలు కొంత తగ్గి ఉంటే బాగుండేది. కానీ అదే భాగంలో ఆ ఐదుగురూ, కోరిక తీర్చి మెన్మాను ఈ లోకం నుంచి పంపించేయాలనుకోవడం వెనక తమ తమ స్వార్థం ఏమిటో ఒకరి ముందు ఒకరు ఒప్పుకునే ఘట్టం వస్తుంది. జపాను ధారావాహికల్లో అంత నిజాయితీ గల సంభాషణ నేను తక్కువగా చూశాను. ప్రతి భాగం చివరా వచ్చే పాటను దాటవేయకండి. అది 2001లో జోన్ అనే బృందం పాడిన పాట, పదేళ్ల తర్వాత మళ్లీ కలుద్దామనే మాట అందులో ఉంది. సరిగ్గా పదేళ్లకు, 2011లో, ఈ సిరీస్‌లోని ముగ్గురు అమ్మాయిలకు గొంతునిచ్చిన నటీమణులే దాన్ని కొత్తగా పాడారు.

ఉన్నవి 11 భాగాలే. 2013లో వచ్చిన సినిమా మెన్మా వెళ్లిపోయిన ఏడాది తర్వాతి సంగతి, పాత దృశ్యాలు అందులో చాలా వస్తాయి. కాబట్టి సిరీస్ పూర్తయ్యాకే దాని జోలికి వెళ్లండి.